కొలువు వదలకుండా మళ్లీ చదువు: ఐటీ నుంచి సమాచార భద్రత వైపు

(హైదరాబాద్‌లో ఒక ఆదివారం ఐటీ ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు నుంచి రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వారమంతా షిఫ్టులు చేసి, మిగిలిన ఒక్క ఆదివారాన్ని కూడా ఈ హాలుకు తెచ్చి ఇచ్చారంటే ఈ విషయం మీకు ఎంత అవసరమో నాకు అర్థమవుతున్నది. వెనక వరుసల్లో ఉన్నవారికి వినబడుతోందా? మంచిది.

ముందుగా ఒక్క మాట అడుగుతాను. మీలో సర్వర్లు చూసేవారు ఎందరు? చేతులెత్తండి. నెట్‌వర్క్ వైపు పనిచేసేవారు? డేటాబేస్? సర్వీస్ డెస్క్, డెస్క్‌టాప్ సపోర్టు? ప్రోగ్రాములు రాసేవారు, టెస్టింగ్ చేసేవారు? సరే. ఐదేళ్లో పదేళ్లో ఐటీలో పనిచేసి, ఇప్పుడు సమాచార భద్రత వైపు వెళ్లాలని అనుకుంటున్నవారే ఇక్కడ ఎక్కువమంది. దానికోసం మళ్లీ కళాశాలలో చేరాలా, చేరితే ఎక్కడ చేరాలి, ఇంటి బాధ్యతల మధ్య అది సాగుతుందా అన్నది మీ ప్రశ్న. నేనూ సర్వర్ల దగ్గర పనిచేస్తూనే ఎం.టెక్ చదివి ఇటు వచ్చినవాడిని కాబట్టి నా అభిప్రాయం ముందే చెబుతాను. చదవండి, తప్పకుండా చదవండి. కానీ చేస్తున్న పని వదిలిపెట్టి చదవవద్దు. ఆ పనిలో మీకు జవాబు దొరకని ప్రశ్నలను వెంటబెట్టుకొని తరగతికి వెళ్లండి. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

మన ఊళ్లోనే జరిగిన ఒక సంఘటనతో మొదలుపెడతాను. 2022 జనవరిలో హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 12 కోట్ల రూపాయలకు పైగా దొంగిలించారు. తుపాకీ లేదు, తాళం పగలగొట్టింది లేదు. ఉద్యోగులకు ఫిషింగ్ మెయిళ్లు, అంటే అసలైనవిలా కనిపించి మోసగించే మెయిళ్లు వచ్చాయి. వాటి ద్వారా దూరం నుంచి కంప్యూటరును నడిపించే ట్రోజన్ అనే దొంగ ప్రోగ్రాము లోపలికి చేరింది. అక్కడినుంచి దొంగలు ఖాతాలన్నిటినీ నడిపే కోర్ బ్యాంకింగ్ సిస్టం దాకా వెళ్లారు. డబ్బును అనేక ఖాతాలకు మళ్లించి ఏటీఎంలలో తీసుకున్నారు. నగర పోలీసులు దర్యాప్తు వివరాలను అప్పట్లోనే పత్రికలవారి ముందు పెట్టారు. ప్రధాన కార్యాలయం నెట్‌వర్కునూ శాఖల నెట్‌వర్కునూ సరిగా విడదీయలేదనీ, అన్ని అధికారాలూ ఉండే సూపర్ యూజర్ ఖాతాల మీద తగిన అదుపు లేదనీ వారు చెప్పారు. 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల రూపాయల జరిమానా విధించింది.

ఇప్పుడు ఆలోచించండి. నెట్‌వర్కును వీల్యాన్‌లుగా, అంటే ఒకదానికొకటి తగలని భాగాలుగా విడదీయడం ఎవరికి తెలుసు? ఇందాక రెండోసారి అడిగినప్పుడు చేతులెత్తినవారికి తెలుసు. సూపర్ యూజర్ ఖాతాలు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఎన్ని అక్కరలేనివో ఎవరికి తెలుసు? సర్వర్లు చూసేవారికి, డేటాబేస్ చూసేవారికి తెలుసు. ఉద్యోగం మానేసి వెళ్లిన మనిషి ఖాతా ఇంకా తెరిచే ఉందని ఎవరికి తెలుసు? సర్వీస్ డెస్కులో టికెట్లు మూసేవారికి తెలుసు. 2022లోనే నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో రాన్సమ్‌వేర్ దాడి (సమాచారానికి తాళం వేసి డబ్బు అడిగే దాడి) జరిగి ఆసుపత్రి సర్వర్లు ఆగిపోయాయి. సుమారు 1.3 టెరాబైట్ల సమాచారం చిక్కుపడింది, రోజుల తరబడి రోగుల నమోదు కాగితాల మీద చేయవలసి వచ్చింది. నెట్‌వర్కును సరిగా విభజించకపోవడమే కారణమని ప్రభుత్వం రాజ్యసభకు తెలిపింది. అక్కడా విభజనే, ఇక్కడా విభజనే. మీరు ఇన్నేళ్లుగా చేస్తున్న పని భద్రతకు బయట లేదు. దాని నడుమనే ఉంది. సపోర్టులో గడిపిన సంవత్సరాలు వృథా అయ్యాయని ఎవరైనా మీతో అంటే ఆ మాట నమ్మకండి.

మరి అన్నీ మనకు తెలిసినవే అయితే చదువు ఎందుకు? ఇది సరైన ప్రశ్న, దీని దగ్గర కొంచెం ఆగుదాం.

మనకు తెలిసింది ఎలా చేయాలో. ఎందుకు చేయాలో మనలో చాలామందికి ఎవరూ చెప్పలేదు. ఉద్యోగంలో అందుకు తీరిక ఉండదు; ఒక టికెట్ మూస్తే ఇంకొకటి వస్తుంది. ఒక ఉదాహరణ చూద్దాం. మీలో సర్వర్లు చూసేవారు ప్రతిసారీ గడువు తీరకముందే టీఎల్‌ఎస్ సర్టిఫికెట్లు, అంటే బ్రౌజరుకూ సర్వరుకూ మధ్య రహస్య సంభాషణకు వాడే గుర్తింపు ఫైళ్లు మారుస్తుంటారు. సీఎస్‌ఆర్ అనే సర్టిఫికెట్ అభ్యర్థన తయారుచేస్తారు, పంపుతారు, వచ్చిన ఫైలును సర్వర్లో పెడతారు, బ్రౌజరులో తెరిచి చూసి టికెట్ మూస్తారు. ఆ సర్వర్ అమరికల్లో ఈసీడీహెచ్ఈ అనే అక్షరాలు ఎన్నిసార్లు చూసి ఉంటారు? అవి ఏమిటని ఎప్పుడైనా ఆగి అడిగారా? అడగడానికి సమయం ఎవరు ఇచ్చారు?

చేతిలో కాగితం ఉన్నవారు రాసుకోండి. ఇద్దరు మనుషులు, మధ్యలో అందరూ వినే తీగ. ఆ తీగ మీదనే మాట్లాడుకొని, వినేవాడికి తెలియని ఒక రహస్య సంఖ్య దగ్గర ఇద్దరూ కలవాలి. సాధ్యమేనా? 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ సాధ్యమేనని చూపించారు. 23, 5 అనే రెండు సంఖ్యలు అందరికీ తెలుసు అనుకోండి. మొదటి మనిషి మనసులో 6 అనుకున్నాడు. ఆరు 5లను ఒకదానితో ఒకటి గుణిస్తే 15,625. దాన్ని 23తో భాగిస్తే శేషం 8. ఆ 8ని తీగ మీద పంపాడు. రెండో మనిషి మనసులో 15 అనుకున్నాడు. అదే లెక్క చేస్తే అతనికి వచ్చిన శేషం 19. దాన్ని ఇటు పంపాడు. ఇప్పుడు మొదటివాడు తనకు వచ్చిన 19ని అలాగే ఆరుసార్లు గుణించి 23తో భాగిస్తే శేషం 2. రెండోవాడు తనకు వచ్చిన 8ని పదిహేనుసార్లు గుణించి 23తో భాగిస్తే శేషం మళ్లీ 2. ఇద్దరి దగ్గరా 2 ఉంది, ఆ 2 మాత్రం తీగ మీద ఎప్పుడూ ప్రయాణించలేదు. విన్నవాడికి 23, 5, 8, 19 తెలుసు. మనసులో అనుకున్న సంఖ్యలు తెలియవు. ఇంత చిన్న సంఖ్యలైతే వెదికి పట్టుకోగలడు, నిజమే. అసలు వాడకంలో సంఖ్యలు వందల అంకెల పొడవు ఉంటాయి, వెదకడం కుదరదు. దీనినే దీర్ఘవృత్త వక్రాలు (ఎలిప్టిక్ కర్వ్‌లు) అనే గణిత వక్రాల మీద చేసి, ప్రతి సంభాషణకూ కొత్త రహస్య సంఖ్యలు వాడితే అదే మీ సర్వర్లో కనిపించే ఈసీడీహెచ్ఈ.

ఇది తెలిస్తే ఏమవుతుంది? రేపు ఎవరైనా మీ సర్వర్ ప్రైవేటు కీ దొంగిలించినా, నిన్నటిదాకా రికార్డు చేసిపెట్టుకున్న సంభాషణలను దానితో విప్పలేరని మీకు అర్థమవుతుంది. 2018లో వచ్చిన టీఎల్‌ఎస్ 1.3లో పాత ఆర్‌ఎస్‌ఏ కీ మార్పిడిని ఎందుకు తీసేశారో అర్థమవుతుంది. పాత అప్లికేషన్ కోసం పాత పద్ధతిని తెరిచి ఉంచమని మేనేజరు అడిగినప్పుడు, కుదరదని ఊరికే అనడం ఒకటి, ఎందుకు కుదరదో రెండు పేరాలలో రాసి సంతకం పెట్టగలగడం ఇంకొకటి. ఆ రెండో శక్తి కోసమే చదువు. పదో తరగతిలో వదిలేసిన శేషాల లెక్కలు మళ్లీ చేయవలసి వస్తుంది. చేయండి. రోజుకు అరగంట కాగితం మీద చేస్తే కొన్ని నెలల్లో చేయి తిరుగుతుంది. ముప్పై ఎనిమిదేళ్లకు కూడా తిరుగుతుంది. నా తరగతిలో అలా తిరిగినవారిని చూశాను.

చదువు ఇచ్చే రెండో వస్తువు చట్టం. దీన్ని మన ఐటీవారు చాలా తక్కువ చేసి చూస్తారు, అందుకే గట్టిగా చెబుతున్నాను. 2022 ఏప్రిల్ 28న సైబర్ దాడులను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ సంఘటన కంటబడిన ఆరు గంటలలో తెలియజేయాలి, లాగ్‌లను, అంటే సిస్టములు రాసుకొనే కదలికల నమోదులను 180 రోజులు దాచాలి, సిస్టముల గడియారాలను నిర్ణయించిన సమయ సర్వర్లతో సరిపోల్చుకోవాలి. ఆరు గంటలు అంటే రాత్రి రెండు గంటలకు షిఫ్టులో ఉన్న మనిషి గుర్తుపట్టాలి, ఎవరిని లేపాలో తెలిసి ఉండాలి, ఉదయం ఎనిమిదికల్లా నివేదిక వెళ్లాలి. 180 రోజులు అంటే డిస్కు ఎంత కావాలో లెక్క వేయాలి. ఈ రెండూ ఎవరి పనులు? మీ పనులే. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో, తగిన భద్రతా చర్యలు తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. కాబట్టి ఈ భాష వచ్చినవారికి సంస్థలో మాట చెల్లుతుంది. నల్సార్ విశ్వవిద్యాలయం, హైదరాబాద్ విశ్వవిద్యాలయం సైబర్ చట్టాల మీద దూరవిద్యలో డిప్లొమాలు నడిపాయి. ఆడిట్ వైపు, నియమాల పాలన వైపు మనసున్నవారు ఎం.టెక్ కంటే ముందు అటు చూడండి.

చట్టం మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పేస్తాను. చదువుకునే ఉత్సాహంలో ఆఫీసు నెట్‌వర్కు మీద లోపాలు వెదికే స్కానర్లు నడపకండి. మంచి ఉద్దేశంతో అయినా సరే, రాతపూర్వకమైన అనుమతి లేకుండా నడపకండి. ఐటీ చట్టంలోని 43, 66 సెక్షన్లు ఒకసారి చదవండి. అనుమతి లేకుండా ఇంకొకరి కంప్యూటరులోకి దురుద్దేశంతో వెళ్లితే మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా ఉన్నాయి. దురుద్దేశం లేదని తరవాత నిరూపించుకోవలసిన స్థితి మీకు రాకూడదు. అలాగే ఆఫీసు లాగ్‌లను కళాశాల అసైన్‌మెంటులో పెట్టకండి. సాధన కోసం ఇంట్లో వర్చువల్ మెషీన్లు, అంటే మీ కంప్యూటరు లోపలే నడిచే ఊహా కంప్యూటర్లు పెట్టుకోండి. లోపాలను కావాలనే ఉంచి తయారుచేసిన మెటాస్‌ప్లాయిటబుల్ వంటివి ఉచితంగా దొరుకుతాయి. 16 జీబీ మెమరీ ఉన్న లాప్‌టాప్ చాలు.

ఇక ఎక్కడ చదవాలి? ఇక్కడ ఒక్కొక్కరి పరిస్థితి ఒక్కొక్క రకం. గేట్ రాసి రెగ్యులర్ ఎం.టెక్‌లో చేరితే రెండేళ్లు ఉద్యోగం వదలాలి; నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం వస్తుంది. ఇంటి అప్పు, పిల్లల ఫీజులు ఉన్నవారికి ఇది ఎలా కుదురుతుంది? కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడ్యాక్ వారి ఐటీ మౌలిక వసతులు, సిస్టములు, భద్రత పీజీ డిప్లొమా చాలా మంచి చదువు, చేత్తో పని చేయిస్తారు. కానీ అది ఆరు నెలల పాటు రోజంతా నడిచే చదువు, ఇప్పుడే డిగ్రీ అయినవారికి ఎక్కువ అనువైనది. ఉద్యోగంలో ఉన్నవారికి బిట్స్ పిలానీ వారి వర్క్ ఇంటిగ్రేటెడ్ (పని చేస్తూ చదివే) కోర్సులు ఉన్నాయి, ఐఐటీ కాన్పూర్ సైబర్ సెక్యూరిటీలో గేట్ లేకుండా ఈమాస్టర్స్ అనే ఆన్‌లైన్ పీజీ నడుపుతున్నది, ఇగ్నోలో సమాచార భద్రత పీజీ డిప్లొమా ఉంది. ఫీజుల్లో వీటి మధ్య చాలా తేడా ఉంది. ఇగ్నో చదువు తక్కువ ఖర్చుతో అయిపోతుంది, అయితే వెనక ఉండి తోసేవారు ఉండరు. ఈ నగరంలోనే మాసాబ్ ట్యాంక్‌లో, 1996లో రిజర్వు బ్యాంకు నెలకొల్పిన బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ ఉంది. బ్యాంకుల ఐటీలో పనిచేసేవారు అక్కడి కార్యక్రమాలను గమనిస్తూ ఉండండి.

ఏ కోర్సు అయినా ఫీజు కట్టే ముందు నేను ఒక ప్రశ్నకే ఎక్కువ విలువ ఇస్తాను. చివరి ప్రాజెక్టును నా ఉద్యోగంలోని సమస్య మీద చేసుకోనిస్తారా? ఇస్తామంటే ఆ చదువు విలువ రెట్టింపు. వెళ్లిపోయినవారి ఖాతాలు ఎన్నాళ్లు తెరిచి ఉంటున్నాయి, ప్రోగ్రాములు వాడుకొనే సర్వీస్ ఖాతాల పాస్‌వర్డులను అప్లికేషన్ ఆగకుండా ఎలా మార్చాలి, సైట్ల పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్ లాగ్‌లలో అసాధారణమైన కదలికను ఎలా పసిగట్టాలి: ఇవి మీకు రోజూ తగిలే సమస్యలు, పరిశోధనకు తగిన సమస్యలు కూడా. మీ సంస్థ రాతపూర్వకంగా ఒప్పుకొని, పేర్లు తీసేసిన సమాచారం ఇస్తే, మీ ప్రాజెక్టే మీ సంస్థలో మీ కొత్త పదవికి తొలి మెట్టు అవుతుంది. నాకు జరిగింది అదే, అందుకే ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నాను.

అమీర్‌పేట శిక్షణ సంస్థల గురించి అడుగుతారని తెలుసు. మైత్రీవనం చుట్టుపక్కల ఆ మెట్లెక్కి నేర్చుకున్న చదువుతోనే ఈ హాలులో సగం మంది తొలి ఉద్యోగం సంపాదించి ఉంటారు. ఆ సంస్థల పట్ల నాకు గౌరవం ఉంది. ఒక పరికరాన్ని త్వరగా నేర్చుకోవాలంటే అక్కడికి వెళ్లండి. అయితే మూడు నెలల్లో హ్యాకరును చేస్తాం, ఉద్యోగం గ్యారంటీ అని లక్షలు అడిగేవారి దగ్గరకు మాత్రం వెళ్లవద్దు. చేరాలా వద్దా అన్న సందేహం ఇంకా తీరనివారు ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల స్వయం పోర్టల్‌లో ఎన్‌పీటెల్ (ఐఐటీల వారి) పాఠాలతో మొదలుపెట్టండి. వినడానికి రూపాయి ఖర్చు లేదు, పరీక్ష రాయాలంటేనే చిన్న ఫీజు ఉంటుంది. ఒక్క కోర్సు చివరిదాకా పూర్తి చేయగలిగితే, రెండేళ్ల చదువుకు మీ ఇంట్లో చోటు ఉందో లేదో మీకే తెలిసిపోతుంది.

సర్టిఫికేషన్ల గురించి తొందరగా చెప్పి ముందుకు వెళతాను. సమాచార భద్రతలో అనుభవజ్ఞులకు ఇచ్చే సీఐఎస్ఎస్‌పీకి ఎనిమిది విభాగాలలో కనీసం రెండింటిలో కలిపి ఐదేళ్ల అనుభవం కావాలి. కంప్యూటర్ సైన్స్, ఐటీ వంటి విషయాల్లో డిగ్రీ ఉంటే ఒక ఏడాది తగ్గవచ్చు. ఎవరికి ఏ అనుమతులు ఉండాలో చూసే పని ఆ విభాగాలలో ఒకటి, నెట్‌వర్కు భద్రత ఇంకొకటి. అంటే మీరు చేసిన పనిలో కొంత ఇప్పటికే లెక్కకు రావచ్చు, ఒకసారి కాగితం మీద పెట్టి చూసుకోండి. అనుమతితో సిస్టములలోకి చొరబడి లోపాలు చూపే పనికి ఇచ్చే ఓఎస్‌సీపీ పూర్తిగా చేతి పని: 23 గంటల 45 నిమిషాల పరీక్ష, ఆ తరవాత నివేదిక రాయడానికి మరో 24 గంటలు. ఆడిట్ వైపు వెళ్లేవారికి సీఐఎస్ఏ అనే సర్టిఫికేషన్ ఉంది. డిగ్రీ, సర్టిఫికెట్ రెండూ ఒకే ఏడాదిలో పెట్టుకోకండి.

ఇప్పుడు అసలైన చిక్కు దగ్గరకు వద్దాం. పదేళ్ల అనుభవం ఉన్న సర్వర్ అడ్మిన్, భద్రత అనగానే ఎస్‌ఓసీలో (రాత్రింబవళ్లు హెచ్చరికలను గమనించే భద్రతా కేంద్రంలో) మొదటి అంచెలో, రాత్రి షిఫ్టులో, కొత్తగా చేరిన పిల్లలతో సమానమైన జీతానికి వెళ్లాలా? వెళ్లనక్కరలేదు. మీ అనుభవానికి విలువ ఉన్న ద్వారం ఇంకొకటి ఉంది. 2017 మే 12న వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చింది. బ్రిటన్ ఆసుపత్రులు ఆగిపోయాయి, ఇక్కడ ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది వాడుకున్న లోపాన్ని సరిచేసే ప్యాచ్ ఎప్పుడు వచ్చింది? మార్చి 14న. దాదాపు రెండు నెలల ముందే. మరి ఎందుకు వేయలేదు?

పాఠ్యపుస్తకం చదివిన కుర్రవాడు నిర్లక్ష్యం అంటాడు. మీరు అలా అనరు. ఎందుకంటే మీకు తెలుసు: ఆ మెషీన్ మీద నడిచే అప్లికేషన్‌కు పాత ఆపరేటింగ్ సిస్టం తప్ప ఇంకేదీ సరిపడదు, టెస్ట్ సర్వర్ కొనడానికి డబ్బు ఇవ్వలేదు, నెలకు ఒక్క శనివారం రాత్రి డౌన్‌టైమ్ ఇస్తారు, ఆ శనివారం జీతాల ప్రాసెసింగ్ ఉందని అదీ రద్దవుతుంది, రీబూట్ చేస్తే తిరిగి లేస్తుందన్న నమ్మకం లేని సర్వర్లు కనీసం రెండైనా ప్రతి సంస్థలోనూ ఉంటాయి. లోపాన్ని కనిపెట్టే స్కానరును ఎవరైనా నడపగలరు. వచ్చిన నాలుగు వేల లోపాలలో ఈ వారం వేటిని మూయాలి, మూయలేనివాటి ముందు ఫైర్‌వాల్‌లో ఏ అడ్డు పెట్టాలి, అప్లికేషన్ యజమానిని ఎలా ఒప్పించాలి అన్నది ఆ రాత్రులు మేల్కొన్నవారికే తెలుస్తుంది. లోపాల నిర్వహణ, ఖాతాలు అనుమతుల నిర్వహణ, క్లౌడ్ భద్రత: ఈ మూడు చోట్ల మీ పదేళ్లు పదేళ్లుగానే లెక్కకు వస్తాయి. అటు చూడండి.

తరగతిలో కూడా ఇదే మీ బలం. మీ పక్కన ఇరవై రెండేళ్ల పిల్లలు కూర్చుంటారు. మీకంటే వేగంగా పైథాన్ రాస్తారు, లెక్కలు వాళ్లకు ఇంకా తాజాగా ఉంటాయి. వాళ్ల దగ్గర అడిగి నేర్చుకోండి, వయసును అడ్డం పెట్టుకోకండి. వాళ్లు మాత్రం ఒక్క నిజమైన సర్వర్ కూడా పడిపోగా చూసి ఉండరు. మీరు చూసినదాన్ని వాళ్లకు చెప్పండి. ఇద్దరూ కలిసి చేసిన ప్రాజెక్టులే మా తరగతిలో అన్నిటికంటే మిన్నగా వచ్చాయి.

ఇంటి సంగతి చెప్పకుండా ముగించలేను. రెండేళ్ల పాటు శని, ఆదివారాలు ఇంటివాళ్లవి కావు. ఇల్లు కొనే ముందు అందరూ కూర్చొని మాట్లాడుకున్నట్టే దీని గురించీ మాట్లాడుకోండి: ఎవరు ఏ పని పంచుకుంటారు, పరీక్షల నెలలో పెళ్లిళ్లకు ఎవరు వెళతారు, ఫీజు ఏ ఖాతాలోంచి వెళుతుంది. పిల్లల కోసం ఉద్యోగానికి విరామం ఇచ్చి తిరిగి రావాలనుకుంటున్న అక్కలు, చెల్లెళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీకు ప్రత్యేకంగా ఒక మాట. ఆ విరామానికి రెజ్యూమెలో సంజాయిషీ రాయకండి. చదువును ముందు పెట్టండి, మీ ప్రాజెక్టును ముందు పెట్టండి. ఇంటి దగ్గరినుంచి చదివే కోర్సు మొదలుపెట్టడానికి ఉద్యోగం దొరికేదాకా ఆగనవసరం లేదు. ఇంట్లో మగవారికి కూడా చెబుతున్నాను, ఆదివారం ఉదయం ఆమె క్లాసులో ఉన్న మూడు గంటలు వంటగది బాధ్యత మీది. సంస్థ ఫీజు కడతానంటే సంతోషమే, కానీ బాండు ఎన్నేళ్లో, మధ్యలో వెళితే ఎంత తిరిగి కట్టాలో చదివి సంతకం పెట్టండి.

నాకు ఇచ్చిన సమయం అయిపోయింది. ప్రశ్నలు తీసుకుందాం. మూడో వరుసలో డేటాబేస్ చూస్తానని చేయెత్తిన అమ్మ చాలాసేపటినుంచి కాగితం మీద ఏదో రాసుకుంటున్నారు. మీతో మొదలుపెడదాం, మైకు అటు ఇవ్వండి.